హాలోవీన్ స్వీట్లు పిల్లలతో: కాండీ మెల్ట్స్ ముద్దకట్టకుండా, జెలటిన్ లేకుండా ఎలా?

మెకిన్నీ_అమ్మ

హాలోవీన్ రోజు మధ్యాహ్నం మా ఇంటికి ఎనిమిది మంది పిల్లలొస్తున్నారు, నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు వాళ్లు. ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ట్రిక్ ఆర్ ట్రీట్‌కి బయల్దేరే ముందు గంటన్నర టైముంటుంది. ఆ టైములో వాళ్ల చేత్తో వాళ్లే అలంకరించుకుని ఇంటికి పట్టుకెళ్లేలాంటి స్వీట్లు కావాలి. ఓవెన్ జోలికి వెళ్లను. ఇద్దరు పిల్లలది గుడ్డు, జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ముట్టని ఇల్లు. ఒక బాబుకి వేరుశనగ అలర్జీ.

కాండీ మెల్ట్స్ (కరిగించి పూత వేసే, చాక్లెట్‌లాంటి రంగు బిళ్లలు) మైక్రోవేవ్‌లో పెడితే ఒక్కోసారి చక్కగా కరుగుతాయి, ఒక్కోసారి బిగుసుకుపోతాయి. తెల్లవాటిలో ఫుడ్ కలర్ వేస్తే ప్రతిసారీ బిగుసుకుంటున్నాయి. కారణం ఏమిటి? నాలుగేళ్ల వాళ్లకి కూడా చేతనయ్యే డిజైన్లు ఏమున్నాయి? మార్ష్‌మెలో (దూదిలా మెత్తగా ఉండే మిఠాయి) లేకుండా రైస్ క్రిస్పీస్ (మరమరాల్లాంటి సీరియల్) గుమ్మడికాయలు కుదురుతాయా?

---

చక్కెరపాకం

కాండీ మెల్ట్స్ పాడయ్యేది నీళ్ల వల్ల, లేదా వేడి వల్ల. రెండింటిలోనూ బిగుసుకోవడమే కనిపిస్తుంది కాబట్టి ఏది జరిగిందో చాలామందికి అర్థం కాదు.

ఆ బిళ్లల్లో ఉండేది పామ్ కెర్నల్ నూనెలాంటి కొవ్వు, అందులో కలిసి ఉన్న పంచదార, పాలపొడి. నీటి చుక్క పడగానే పంచదార రేణువులు తడిసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మొత్తం తడి ఇసుకలా గుప్పెడు ముద్దవుతుంది. పావు టీస్పూన్ నీళ్లు కూడా ఎక్కువే. ఫుడ్ కలర్ వేసినప్పుడు జరుగుతున్నది కూడా ఇదే. మామూలు లిక్విడ్ రంగుల్లోనూ, జెల్ రంగుల్లోనూ నీళ్లుంటాయి. నూనెతో చేసిన కాండీ కలర్ విడిగా అమ్ముతారు, చాక్లెట్‌కి అదే వాడాలి. అంతకన్నా తేలిక, ఆరెంజ్, పర్పుల్ రంగు మెల్ట్స్ కొనేయడం. ఎరుపు బిళ్లలు ఒక వంతు, పసుపు బిళ్లలు మూడు వంతులు కలిపి కరిగించినా మంచి గుమ్మడికాయ రంగొస్తుంది.

స్టవ్ మీద మరిగే నీళ్లపై గిన్నె పెట్టి కరిగించే పద్ధతి పిల్లలున్న వంటింట్లో వద్దు. ఆవిరి గిన్నె అంచుకి పట్టి లోపలికి కారుతుంది. గరిటె, గిన్నె, ఫోర్క్ అన్నీ కడిగాక పొడి గుడ్డతో తుడిచి ఓ పది నిమిషాలు ఆరనివ్వండి. గిన్నె మీద మూత పెట్టకండి, మూతకి చేరిన తేమ మళ్లీ లోపలికే పడుతుంది.

ఇక వేడి. 340 గ్రాముల ప్యాకెట్‌కి మైక్రోవేవ్ పవర్ 50 శాతానికి తగ్గించి ముందు ఒక నిమిషం, తర్వాత 30 సెకన్లకోసారి తీసి కలపాలి. బిళ్ల లోపల కరిగిపోయినా పైకి గుండ్రంగానే కనిపిస్తుంది, గరిటె తగిలితేనే కూలుతుంది. అది చూసి ఇంకా కరగలేదనుకుని మళ్లీ పెడతారు, అక్కడే మాడుతుంది. మూడొంతులు కరగగానే ఆపేసి, మిగతావి ఆ వేడికే కరిగేదాకా నిమిషం సేపు కలపండి. థర్మామీటర్ ఉంటే 43 డిగ్రీల సెల్సియస్, అంటే 110 ఫారెన్‌హీట్ దాటనివ్వకండి. గరిటె ఎత్తితే ధార తెగకుండా జారాలి. చిక్కగా ఉంటే ప్యాకెట్‌కి ఒక టీస్పూన్ రిఫైన్డ్ కొబ్బరినూనె గానీ వెజిటబుల్ షార్టెనింగ్ గానీ కలపండి. మరీ ఎక్కువైతే పూత గట్టిపడకుండా వేళ్లకి అంటుకుంటూనే ఉంటుంది. వెన్న వేయకండి, అందులో నీళ్లుంటాయి. నెయ్యి పనిచేస్తుంది గానీ పిల్లలు వాసన పట్టేస్తారు.

కొద్దిగా బిగుసుకున్నదానికి ఇంకో టీస్పూన్ నూనె కలిపితే ఒక్కోసారి వదులవుతుంది, గీతలు గీయడానికి పనికొస్తుంది. మాడు వాసన వస్తే మాత్రం పారేయండి, దాన్ని బాగుచేయలేం.

వైట్ చాక్లెట్ చిప్స్ బదులుగా వాడొద్దు. వేడిలోనూ ఆకారం నిలిచేలా చేస్తారు వాటిని, పల్చగా జారవు. కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్ అయితే టెంపరింగ్ (లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం) కావాలి. అది చేయకపోతే మెత్తగా ఉండిపోయి మర్నాటికి పైన బూడిద రంగు మచ్చలొస్తాయి. ఎనిమిది మంది పిల్లల మధ్య ఆ పని కుదరదు.

---

రెండో_బ్యాచ్

గంటన్నరకి రెండు రకాలకి మించి పెట్టకండి. మూడోది మొదలుపెడితే మొదటిది ఆరకముందే బల్ల మీద చోటుండదు. మీ గుంపుకి మమ్మీ (గుడ్డ కట్లు చుట్టిన ఈజిప్టు శవం) ఓరియోలు, చిన్నవాళ్లకి మంత్రగత్తె టోపీలు సరిపోతాయి.

మమ్మీలకి ముంచే పని పొద్దున్నే మీరే చేసేయండి. 340 గ్రాముల తెల్ల మెల్ట్స్‌తో దాదాపు 20 మామూలు ఓరియోలకి పూత వస్తుంది, గీతలకి ఇంకో సగం ప్యాకెట్ విడిగా ఉంచుకోండి. ఓరియోని ఫోర్క్ మీద పెట్టి ముంచి, ఫోర్క్‌ని గిన్నె అంచుకి నాలుగైదు సార్లు తట్టి, అడుగుని అంచుకి రాసి పార్చ్‌మెంట్ పేపర్ మీద పెట్టాలి. తట్టకపోతే చాక్లెట్ కిందికి జారి బిస్కెట్ చుట్టూ పాదంలా గడ్డకడుతుంది. గది వేడిలోనే ఓ అరగంటలో ఆరిపోతాయి. బిస్కెట్లని ముందుగా ఫ్రిజ్‌లో పెట్టి ముంచకండి. చల్లటిది మెల్లగా వేడెక్కి వ్యాకోచిస్తుంది, పైపూత పగులుతుంది.

పిల్లలొచ్చాక మిగతాది వాళ్ల పని. మిగిలిన మెల్ట్స్ కరిగించి చిన్న జిప్‌లాక్ కవర్లలో రెండేసి టేబుల్‌స్పూన్లు పోయండి, అంతకన్నా వద్దు. కవర్ నిండుగా ఉంటే పిసికినప్పుడు వెనక నుంచి తన్నుకొస్తుంది. పైభాగం మెలితిప్పి రబ్బర్ బ్యాండ్ వేసి, మూల 2 మిల్లీమీటర్లు మాత్రమే కత్తిరించండి. పిల్లల చేతికిచ్చే ముందు మీ మణికట్టు మీద ఆనించి చూసుకోండి, గోరువెచ్చగా ఉండాలి.

అందరూ తడబడేది వరుస దగ్గరే. ముందు కళ్లు, తర్వాత గీతలు. టూత్‌పిక్‌తో రెండు చుక్కలు పెట్టి కాండీ కళ్లు అతికించి, కవర్‌తో అడ్డంగా అటూ ఇటూ గీతలు గీయాలి. రెండు మూడు గీతలు కళ్ల అంచుల మీదుగా పోతే కట్లలోంచి తొంగిచూస్తున్నట్టుంటుంది. గీతలు వంకరగా ఉంటేనే మమ్మీ బాగుంటుంది, అందుకే చిన్నపిల్లలకి ఇది అన్నిటికన్నా మంచి డిజైన్. కవర్‌ని బిస్కెట్‌కి ఆనించకుండా ఒక అంగుళం పైన పట్టుకోమనండి. గీత పేపర్ మీద మొదలై పేపర్ మీదే ముగిస్తే చివర్లో బొట్లు పడవు.

కవర్లో చాక్లెట్ గట్టిపడితే వేడినీళ్ల గ్లాసులో ముంచకండి, కత్తిరించిన మూలలోంచి నీళ్లెక్కుతాయి. 50 శాతం పవర్‌లో 10 సెకన్లు పెడితే చాలు. నడుంనొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్ ఉంటే తక్కువలో పెట్టి, మీద టవల్ పరిచి, కవర్లు దానిమీద పెట్టుకోండి. గంటసేపు అలాగే జారుడుగా ఉంటాయి.

టోపీలకి కరిగించడమే అక్కర్లేదు. వెనకవైపు చాక్లెట్ ఉన్న గుండ్రటి ఫడ్జ్ స్ట్రైప్ బిస్కెట్‌ని బోర్లించి, మధ్యలో కాస్త ఐసింగ్ పెట్టి హెర్షీస్ కిస్ (మొనదేలిన చిన్న చాక్లెట్) నొక్కాలి. ఐసింగ్ చుట్టూ కొంచెం పొంగాలి, టోపీకి కట్టిన పట్టీ అదే. ఐసింగ్‌కి 120 గ్రాముల పౌడర్డ్ షుగర్, మూడు టీస్పూన్ల పాలు, చుక్క ఆరెంజ్ జెల్ రంగు. ఇది నీళ్లతో కలిసే ఐసింగ్ కాబట్టి జెల్ రంగు బాధ లేదు. నాలుగో టీస్పూన్ పాలు చుక్కచుక్కగా వేయండి, పల్చనైతే కిస్ పక్కకి జారుతుంది. రాయల్ ఐసింగ్ జోలికి వెళ్లకండి, మెరింగ్ పౌడర్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. కిస్సుల రేకులు ముందే విప్పి పెట్టుకోండి, లేకపోతే నాలుగేళ్ల వాళ్లకి సగం టైము అక్కడే పోతుంది.

---

మెకిన్నీ_అమ్మ

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. పెద్దపిల్లలు ఇద్దరు సాలెపురుగులు అడుగుతున్నారు. ఓరియోలో ప్రెట్జెల్ పుల్లలు గుచ్చితే బిస్కెట్ విరుగుతోంది, దానికేమైనా ఉపాయం ఉందా? జెలటిన్, వేరుశనగ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

రెండో_బ్యాచ్

గుచ్చకండి. డబుల్ స్టఫ్ ఓరియోని మెలితిప్పి విడదీసి, క్రీమ్ ఉన్న సగం మీద ఇటు నాలుగు, అటు నాలుగు ప్రెట్జెల్ పుల్లలు పేర్చి, మధ్యలో ఒక చుక్క కరిగిన చాక్లెట్ వేసి రెండో సగం మూసేయాలి. పుల్లలు సగానికి విరిచినవైతే కాళ్లు సరైన పొడవుంటాయి. పావుగంట కదపకూడదు.

---

లేబుల్_నాన్న

జెలటిన్ తినని ఇళ్లకి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మార్ష్‌మెలోల్లో దాదాపు అన్నిటా జెలటిన్ ఉంటుంది, కాండీ కార్న్‌లో కూడా. గమ్మీ పురుగులు కూడా అంతే, పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవని రాసి ఉంటే తప్ప. కాండీ కళ్ల మీద, మెరిసే స్ప్రింకిల్స్ మీద కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అని ఉంటే అది లక్క పురుగు నుంచి వచ్చే షెలాక్. కార్మైన్ అని ఉంటే పురుగుల నుంచి తీసిన ఎరుపు. కొన్ని ఇళ్లలో పట్టించుకోరు, కొన్ని ఇళ్లలో ముట్టరు. ఆ తల్లిదండ్రులకి ముందే మెసేజ్ పెట్టి అడగండి. కళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. పార్చ్‌మెంట్ మీద తెల్ల మెల్ట్స్‌తో బఠాణీ గింజంత చుక్కలు పెట్టి, తడిగా ఉండగానే పైన చిన్న చాక్లెట్ చిప్‌ని మొన కిందికి వచ్చేలా నొక్కితే సరి.

రైస్ క్రిస్పీస్ గుమ్మడికాయలు మార్ష్‌మెలో లేకుండా ఆ ఆకారంలో నిలబడవు, కానీ జెలటిన్ లేని మార్ష్‌మెలోతో చక్కగా వస్తాయి. డాండీస్ బ్రాండ్‌వి దొరుకుతాయి. 283 గ్రాముల మార్ష్‌మెలోకి మూడు టేబుల్‌స్పూన్ల వెన్న, ఆరు కప్పుల రైస్ క్రిస్పీస్. వెన్న కరిగాక మార్ష్‌మెలో వేసి సన్నటి సెగ మీద కలుపుతూనే ఉండాలి. జెలటిన్ లేనివి నెమ్మదిగా కరుగుతాయి, అంత పల్చగా కావు. సెగ పెంచితే పాకం ముదిరి గుమ్మడికాయ రాయిలా తయారవుతుంది. రంగు ఈ దశలో వేయాలి, క్రిస్పీస్ వేశాక వేస్తే చారలు చారలుగా ఉంటుంది. ఇక్కడ మామూలు జెల్ రంగు ఎంత వేసినా ముద్దకట్టదు. చక్కెరపాకం గారు చెప్పిన నీళ్ల గొడవ కొవ్వు ఆధారంగా ఉన్న చాక్లెట్‌కే.

స్టవ్ దించాక ఐదు నిమిషాలు ఆగండి, పాకం చర్మానికి అంటుకుంటే గట్టిగా కాలుతుంది. తర్వాత పిల్లల చేతులకి నెయ్యి రాసి మూడో వంతు కప్పు మిశ్రమం ఇవ్వండి. గట్టిగా నొక్కొద్దని ముందే చెప్పాలి, ఉండ నిలబడేంత చాలు. గరిటె కాడతో గాట్లు పెట్టి, ప్రెట్జెల్ ముక్క కాడగా గుచ్చితే అయిపోయింది. అన్నట్టు, అమెరికాలో అమ్మే మామూలు రైస్ క్రిస్పీస్‌లో బార్లీ మాల్ట్ ఉంటుంది, గ్లూటెన్ పడని పిల్లలకి పెట్టకూడదు.

వేరుశనగ విషయంలో: అమెరికాలో తొమ్మిది ప్రధాన అలర్జన్లు (అలర్జీ తెప్పించే పదార్థాలు) లేబుల్ మీద రాయడం చట్టం. ఆ తొమ్మిదోది నువ్వులు, 2023 జనవరి నుంచి. కానీ అదే మెషీన్ మీద వేరుశనగ నడిపారా అన్న హెచ్చరిక రాయడం కంపెనీ ఇష్టం. పైగా ఒకే పేరున్న చాక్లెట్‌కి సైజు మారితే, పండగ ఆకారమొస్తే లేబుల్ మారొచ్చు. పెద్ద ప్యాకెట్ చూసి చిన్నది కొనకండి. ఆ బాబు వాళ్లమ్మకి ప్రతి ప్యాకెట్ వెనకవైపు ఫొటో పంపడం అన్నిటికన్నా మేలు. రీసెస్ లాంటి వేరుశనగ చాక్లెట్లు ఆ రోజు ఇంట్లో తెరవకుండా ఉంటే గరిటెల ద్వారా అంటుకునే ప్రమాదం తప్పుతుంది.

నాలుగేళ్లు నిండని తమ్ముళ్లో చెల్లెళ్లో వెంటొస్తే మార్ష్‌మెలో, పాప్‌కార్న్, గట్టి బిళ్లలు వాళ్లకి అందకుండా చూడండి, గొంతులో అడ్డం పడతాయి.

ఇంట్లో చేసినవి గుమ్మం దగ్గరకొచ్చే తెలియని పిల్లలకి ఇవ్వకండి. విప్పని ప్యాకెట్ కాకపోతే ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పారేస్తారు. అలర్జీ ఉన్న పిల్లల కోసం గుమ్మంలో నీలిపచ్చ గుమ్మడికాయ పెట్టి స్టిక్కర్లు, పెన్సిళ్లు పంచే పద్ధతిని ఫేర్ అనే సంస్థ 2014లో అమెరికా అంతటా మొదలుపెట్టింది. మీ గుమ్మంలోనూ ఒకటి పెట్టొచ్చు.

---

చక్కెరపాకం

ఇంకొకటి చేర్చాలి. మన కొబ్బరి లడ్డూ ఈ పండక్కి అద్భుతంగా ఒదుగుతుంది, తెల్లగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి కంటిగుడ్డు చేయడం తేలిక. 200 గ్రాముల ఎండుకొబ్బరి పొడి, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ సన్నసెగ మీద ఐదారు నిమిషాలు, గిన్నె అంచుని వదిలేదాకా కలిపి, చల్లారాక 20 గ్రాముల ఉండలు చేస్తే దాదాపు 18 వస్తాయి. యాలకుల పొడి వేయకండి, తెలుపు పోతుంది. పైన వేలితో గుంట చేసి గుండ్రటి చాక్లెట్ బిళ్ల పెట్టి, టూత్‌పిక్ కొనతో ఎర్ర జెల్ రంగు ముంచి సన్నటి నరాలు గీయాలి. రంగు కొద్దిసేపటికి పాకుతుంది కాబట్టి ఇది చివర్లో చేయించండి. కొబ్బరిని కూడా నట్స్ కింద లెక్కేసే ఇళ్లున్నాయి, అదీ అడగండి.

ఇంటికి పంపేటప్పుడు ఒక్కోటి విడిగా సెలోఫేన్ కవర్లో కట్టండి. మమ్మీలు, సాలెపురుగులు గది వేడిలో గాలి చొరని డబ్బాలో వారం ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమ్మ పట్టి కళ్ల నల్లరంగు కారుతుంది, ప్రెట్జెల్ మెత్తబడుతుంది. కొబ్బరి లడ్డూలు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచాలి.