మంజూరైన లేఅవుట్లకు కొత్త ఖాళీ స్థలం నిబంధన వర్తించాలా?

కల్లూరు వాసి:
2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం మన రాష్ట్రంలో వెంచర్ వేసేవారు మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతాన్ని ఖాళీగా వదిలి, దానిని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసివ్వాలి. కర్నూలులో నంద్యాల రోడ్డు, నందికొట్కూరు రోడ్డు వెంట పొలాలు ప్లాట్లవుతున్న తీరు చూస్తుంటే ఇది ఏమూలకూ చాలదు. రేపు ఈ శాతాన్ని పెంచితే, ఇప్పటికే అనుమతి పొంది పనులు పూర్తిచేయని వెంచర్లకు కూడా వర్తింపజేయాలన్నది నా వాదన. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచిన తరువాత కూడా నీటిని ఇంకించుకునే మట్టి నేల విలువ మనకు తెలియకపోతే ఎలా?

ప్లాన్లు గీసేవాడిని:
2009 వరద ఎగువ నుంచి వచ్చినది. కాలనీకో పార్కు ఉన్నా అది ఆగేది కాదు కనుక ఆ ఉదాహరణను పక్కన పెడదాం. దరఖాస్తు పెట్టుకున్నంత మాత్రాన పాత నిబంధనలే వర్తించాలని కోరే హక్కు రాదని, మంజూరు నాటి నిబంధనలే చూడాలని సుప్రీంకోర్టు 1992లో ఉస్మాన్ గనీ ఖత్రీ కేసులో చెప్పింది. పెండింగులో ఉన్నవాటికి కొత్త నిబంధన పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) చూసి, బ్యాంకు అప్పు తెచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకున్న మనిషి ప్లాటులోంచి పార్కును ఎలా కోస్తారు?

కల్లూరు వాసి:
అమ్మిన ప్లాటును ముట్టుకోమని నేననలేదు. పనులు పూర్తయ్యేదాకా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని వెంచర్ యజమాని తనఖా పెట్టాలి కదా. అవి ఇంకా ఎవరికీ రిజిస్టర్ కాని ప్లాట్లే కాబట్టి, అదనపు స్థలాన్ని అందులోంచి తీసుకోవచ్చు.

బుధవారపేట:
ఈ ప్రతిపాదన పైకి బాగానే కనిపిస్తుంది గానీ, ఆ తనఖా ఎందుకు పెట్టించుకుంటారో మరిచిపోతున్నారు. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు వేయకుండా యజమాని చేతులెత్తేస్తే, ఆ ప్లాట్లు అమ్మి పనులు చేయించడానికి ఉన్న ఏకైక పూచీ అది. దానిని పార్కుకు తీసుకుంటే, పార్కు చుట్టూ మోకాలి లోతు బురదే మిగులుతుంది.

అసలు ఉన్న 10 శాతం ఎక్కడుందో చూడండి. మా బంధువులున్న ఒక వెంచర్ ప్లానులో ఆకుపచ్చ రంగు వేసిన చోటికి వెళితే, ప్లాటుగా కోయడానికి పనికిరాని ముక్కోణపు ముక్క ఒకటి, హైటెన్షన్ లైన్ కింద పొడవాటి పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ ముక్కోణంలో ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన ఎవరో పోసిన కంకర కుప్ప. కాగితం మీద లెక్క సరిపోయింది, పిల్లలు మాత్రం రోడ్డు మీదే ఆడుకుంటున్నారు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తీర్పిచ్చింది. పాత లేఅవుట్ల మీద వాడవలసిన ఆయుధం అది. శాతం పెంచడం కాదు.

ప్లాన్లు గీసేవాడిని:
పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్థలానికి బదులు డబ్బు కట్టించుకోవచ్చని ఎవరైనా అనే లోపే చెబుతున్నాను: 2020 నాటి క్రమబద్ధీకరణ పథకంలో ఖాళీ స్థలం లేని అనధికార లేఅవుట్లకు ప్లాటు విలువలో 14 శాతం రుసుము పెట్టారు. రుసుము ఖజానాకు చేరుతుంది గానీ, ఆ కాలనీలో సెంటు భూమి కూడా కొత్తగా పుట్టదు.

కల్లూరు వాసి:
తనఖా విషయంలో బుధవారపేట వారి అభ్యంతరం బలమైనది కనుక ఆ దారిని వదిలేస్తాను. అయితే ఒకే యజమాని ఆనుకుని ఉన్న పొలాన్ని రెండో దశగా చూపి, మొదటి దశ అనుమతిని అడ్డుపెట్టుకుంటే మాత్రం ఒప్పుకోకూడదు. రెండో దశకు విడిగా దరఖాస్తు పెట్టించి, ఆ దశ మంజూరు నాటి శాతాన్నే వర్తింపజేయాలి. అక్కడ ఇంకా ఎవరూ ప్లాటు కొనలేదు.

బుధవారపేట:
దానికి నాకూ సమ్మతమే. ఆ రెండో దశ ఖాళీ స్థలం మాత్రం కనీస వెడల్పుతో ఒకేచోట ఉండాలని, హైటెన్షన్ లైన్ కింది నేలను లెక్కలోకి తీసుకోకూడదని షరతు పెట్టాలి.