డోర్లకు డ్యాంపింగ్ షీట్: మొత్తం కప్పాలా, మోగే చోట చూసుకుంటే చాలా?

కొత్తసబ్: కారులో సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) పెట్టించాక బేస్ పడినప్పుడల్లా డోర్లు, డిక్కీ గడగడమంటున్నాయి. బిగించినతను అంతటా బ్యూటైల్ షీట్ (రేకు మోగకుండా అంటించే రబ్బరులాంటి డ్యాంపింగ్ షీట్) వేయించమంటున్నాడు. నిజంగా అవసరమా?

రేకుమనిషి: మొత్తం వేయించండి. అరకొరగా చేస్తే ట్రిమ్ (డోర్ లోపలి ప్లాస్టిక్ కవరు) మళ్లీ విప్పాలి, విప్పినప్పుడల్లా క్లిప్పులు విరుగుతాయి. పైగా డోర్ లోపలి రేకులోని పెద్ద రంధ్రాలు మూస్తే స్పీకర్ ముందు గాలి, వెనక గాలి కలవవు. మిడ్‌బేస్ (లోతైన బేస్‌కు కాస్త పైన ఉండే శబ్దం) గట్టిపడుతుంది.

చెవులు_చాలు: రంధ్రాల సంగతి ఒప్పుకుంటానండీ. కానీ ఆయన అడిగింది గడగడ గురించి. రేకు ఊగితే అల్యూమినియం పొర కింద బ్యూటైల్ సాగి, ఆ కంపనం వేడిగా మారి చల్లారుతుంది. షీట్ పని అదే. నంబర్ ప్లేటు డిక్కీకి కొట్టుకుంటుంటే, లాక్ రాడ్ రేకుకు తగులుతుంటే షీట్ ఏం చేస్తుంది? అక్కడ కావాల్సింది ఫోమ్ ముక్కో, గుడ్డ టేపో.

ముందు ఫోన్‌లో టోన్ జనరేటర్ (ఒకే శ్రుతి వినిపించే యాప్) పెట్టి, దాన్ని కారు స్పీకర్లలో వినిపిస్తూ 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి. మోత వచ్చిన చోట ఆపి, ఇంకొకరిని చేత్తో నొక్కుతూ వెళ్లమనండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. వాల్యూమ్ మాత్రం మధ్యస్థంగానే. ఒకే టోన్ ఫుల్ వాల్యూమ్‌లో సాగదీస్తే స్పీకర్ లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, కాలిపోవచ్చు.

రేకుమనిషి: మరి వానకు పైరేకు డబడబలాడేది? అది షీట్‌తోనేగా తగ్గేది.

చెవులు_చాలు: అవును, షీట్‌తోనే. దానికీ రేకు మధ్యలో నాలుగో వంతు కప్పితే చాలావరకు పని అయిపోతుంది. మిగతా ముప్పావు వంతు కూడా కప్పితే బరువు పెరగడమే తప్ప డబ్బుకు తగ్గ ఫలితం రాదు.

గ్యారేజీగాలి: మీ ఇద్దరి గొడవలో ఒకటి మర్చిపోయారు. డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసేస్తే లోపల తుప్పే. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ప్రెజర్ సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది, అలాంటి డోర్‌లో రంధ్రాలు మూసేముందు కంపెనీ సర్వీస్‌లో అడగాలి. చవక అని తారు షీట్ మాత్రం వద్దు. ఎండకు మెత్తబడి జారుతుంది, వాసన కూడా.

కొత్తసబ్: టోన్ పెట్టి చూశాను. డిక్కీ మోత నంబర్ ప్లేటుదే, వెనక ఫోమ్ అంటిస్తే పోయింది. ఎడమ డోర్ మాత్రం ట్రిమ్ ఎక్కడ నొక్కినా ఆగట్లేదు.

చెవులు_చాలు: ముందుగా డోర్ స్పీకర్లకు స్టీరియోలో 80 హెర్ట్జ్ హైపాస్ (అంతకంటే కింది శబ్దాన్ని ఆపే ఫిల్టర్) పెట్టి చూడండి. కింది బేస్ సబ్‌దే కదా, డోర్‌కు ఆ బరువెందుకు? అప్పటికీ మోగితే ట్రిమ్ విప్పాల్సిందే. లాక్ రాడ్, వైర్ కనెక్టర్లు కదిపి చూడండి.

రేకుమనిషి: విప్పాల్సిందే అంటున్నారుగా! ఆ చేత్తోనే షీట్ కూడా వేసేయండి.