పాత తెరచాప పడవ: అడుగు రంగు మొత్తం గీకెయ్యాలా?

పడవల పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మా పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవను త్వరలో నీళ్లలోకి దించాలి. పక్కలకు టూ-పార్ట్ పాలీయురేథేన్ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి రంగు) వేద్దామని 220 నంబరు ఎమరీ పేపరుతో రుద్దేశాం, నున్నగా వచ్చింది. చిక్కంతా అడుగుభాగంతోనే. పాత యాంటీఫౌలింగ్ రంగు (నాచు, గుల్లలు పట్టకుండా వేసేది) కీల్ (పడవ అడుగున మధ్యలో ఉండే వెన్ను) దగ్గర గోటితో గీకినా పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, మిగతా చోట్ల రాయిలా పట్టుకుని ఉంది. అది గట్టి రకమో, నీళ్లలో అరిగే రకమో తెలియడం లేదు. ఊడేదాన్ని మాత్రమే తీసి, టై కోట్ (పాత రంగుకీ కొత్తదానికీ మధ్య పట్టు కోసం వేసే పూత) వేసి, పైన కొత్తది పూస్తే నిలుస్తుందా? లేక జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పైనుండే అసలు నున్నటి పొర) దాకా గీకి ఎపాక్సీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలా? ఆ దుమ్ము విషం కాబట్టి మాస్కులు పెట్టుకుని, తడిపే రుద్దుతున్నాం, అందుకే పని నెమ్మది. అన్నట్టు, ఒడ్డున పడవను నిలబెట్టే స్టాండ్లు ఆనుకున్న చోట్ల మీరు రంగు ఎప్పుడు వేస్తారు? స్టాండ్లను ఒక్కొక్కటిగా జరుపుతూనా, క్రేన్‌కు ఎత్తాకా?