తాత పైపుకు పట్టిన గులాబీ వాసన: లోపలి మసిపొర గీకాలా, వద్దా?

కాజీపేట మనవడు

మా తాత ఆవిరి ఇంజన్ల కాలంలో కాజీపేట లోకోషెడ్డులో పనిచేశాడు. ఆయన వస్తువుల్లో నాకు దక్కింది బ్రయర్ అనే వేరు చెక్కతో చేసిన పొగాకు పైపు ఒక్కటే. ముప్ఫై ఏళ్లు అందులో ఒకే రకం సాదా వర్జీనియా పొగాకు కాల్చాడు. ఖాళీ పైపును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి, బెల్లం కలిసిన వాసన వచ్చేది. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుంటే వచ్చిన వాసన అదే.

మొన్న ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్నేహితుడొకడు అక్కడి కెండల్ ప్రాంతపు పద్ధతిలో చేసిన పొగాకు డబ్బా ఇచ్చాడు. గులాబీ, జెరేనియం అత్తర్లు బాగా పట్టించిన రకం. దాన్ని మూడు వారాలు ఈ పైపులోనే కాల్చాను. ఇప్పుడు ఏ పొగాకు నింపినా ఒంటిసబ్బు వాసనే. నానమ్మ చేతికిస్తే వాసన చూసి, ‘ఇది మీ తాత పైపు కాదురా’ అంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పొగాకు నింపే గిన్నె లోపల పేరుకున్న మసిపొరను గీకేస్తే వాసన పోతుందని కొందరు చెప్పారు. కానీ ఆ పొర తాత కాల్చగా ఏర్పడింది. గీకితే సబ్బుతోపాటు తాత వాసన కూడా పోతుంది కదా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

కరీంనగర్ పాతకాపు

ఇంగువ కట్టిన గుడ్డ అని పెద్దలు ఊరికే అనలేదు. పోదు. ఇరవై ఏళ్లుగా పైపు కాలుస్తున్నాను, అన్ని రకాలూ చూశాను. సైప్రస్ నుంచి వచ్చే లటాకియా రకం పొగాకును కట్టెల పొగ పట్టించి ఆరబెడతారు. ఆ ఘాటు గది నిండా కమ్ముకుంటుంది. అయినా సాదా పొగాకు పది పన్నెండుసార్లు కాలిస్తే పైపులోంచి వెళ్లిపోయింది. పూల అత్తరు మాత్రం నా పైపులో ఏడాది దాటినా ఉంది. ఇక ఆ పైపును ఆ పొగాకుకే వదిలేసి, మీకోసం ఇంకొకటి కొనుక్కోండి.

రసాయనం, హనుమకొండ

పాతకాపు గారితో నేను ఏకీభవించను. వాసన పోదు అనే ముందు అది ఎక్కడ దాక్కుందో చూడాలి.

గిన్నె లోపలి మసిపొర అంటే బొగ్గే. ఫ్రిజ్‌లో దుర్వాసన పోవడానికి బొగ్గు ముక్క ఎందుకు పెడతారు? దాని సన్నని రంధ్రాలు వాసన అణువులను పట్టి ఉంచుతాయి కాబట్టి. పైపులోని మసి కూడా కొంత ఆ పనే చేస్తుంది. తర్వాత వేడి తగిలినప్పుడల్లా పట్టుకున్నదాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. అందుకే చల్లటి పైపులో సన్నగా ఉన్న సబ్బు వాసన వెలిగించగానే గుప్పుమంటుంది.

రెండో చోటు మెడ. గిన్నె నుంచి నోటి కాడకు, అంటే నోట్లో పెట్టుకునే గొట్టానికి, పొగ వెళ్లే దారిలో తేమ, తారు కలిసి జిగురుగా అతుక్కుంటాయి. అత్తరు నూనెలు అక్కడ చేరితే కదలవు. చాలామంది గిన్నెను ఎంతో శ్రద్ధగా తుడుస్తారు, మెడ సంగతే పట్టించుకోరు. నా అనుభవంలో సగానికి పైగా దోషం అక్కడే ఉంటుంది.

మూడోది నోటి కాడ. పాత పైపుల్లో అది గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసినది. దాని లోపలి గొట్టంలోనూ ఇదే జిగురు ఉంటుంది.

ఈ రకం పొగాకుల్లో గులాబీ నూనెలతోపాటు టోంకా గింజ సువాసన కూడా వాడతారు. అందులోని కూమరిన్ వాసన ఎండుగడ్డిలా ఉంటుంది. ఇవన్నీ నీళ్లలో సరిగా కరగవు, ఆల్కహాలులో కరుగుతాయి. కాబట్టి నీళ్లతో కడిగితే లాభం లేదు, పైగా ఆ రబ్బరు వేడినీళ్లు తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది. గిన్నెలో దొడ్డుప్పు నింపి, ఆల్కహాలు చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచడం పాత పద్ధతి. ఉదయానికి ఉప్పు టీ రంగుకు మారుతుంది.

నిర్మల్ చెక్కపని

సార్, రసాయనం మీకు తెలుసు, చెక్క నాకు తెలుసు. ఆ ఉప్పు మాట వెనక్కి తీసుకోండి.

మేము బొమ్మలకు వాడే పొనికి చెక్క దూదిలా మెత్తగా ఉంటుంది, రంగు వేస్తే లోపలికి పీల్చుకుంటుంది. బ్రయర్ అలాంటిది కాదు. అది మధ్యధరా తీరంలో పెరిగే పొద వేరుగడ్డ. దాన్ని గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి, ఆ తర్వాతే చెక్కుతారు. గట్టిదే, వేడికి ఓర్చుకుంటుంది. అయినా చెక్క చెక్కే. ఉప్పునీరు దాని సందుల్లోకి దిగి, ఆరాక మళ్లీ గడ్డకడితే లోపలి నుంచి తోస్తుంది. ముప్ఫై ఏళ్లు వేడి తిన్న గిన్నె అడుగు అసలే నాజూగ్గా ఉంటుంది. అలా అడుగు చీలిన పైపు ఒకటి నా దగ్గరకు బాగుచేయమని వచ్చింది. ఏ జిగురూ దాన్ని నిలబెట్టలేదు.

ఉప్పుకు బదులు దూది పెట్టండి. ఆల్కహాలును పైకి లాగే పని దూది కూడా చేస్తుంది, చెక్కకు హాని లేదు.

జనగామ తాటివనం

నేను పైపు కాల్చను. మాది కల్లు గీసే కుటుంబం కాబట్టి ఒక్క మాట చెబుతాను. కల్లు లొట్టిని మేము సబ్బుతో తోమం. పాత లొట్టిలో పోసిన కల్లు తొందరగా పొంగుతుంది, ఎందుకంటే నిన్నటి పులుపు దాని గోడల్లో ఉంటుంది. కొత్త లొట్టికి ఆ గుణం రావడానికి రోజులు పడుతుంది. మా బాపు లొట్టిని కిందపెట్టేటప్పుడు కూడా జాగ్రత్తగా పెట్టేవాడు. తమ్ముడూ, మీ తాత ముప్ఫై ఏళ్లు కట్టిన గోడను మూడు వారాల వాసన కోసం పడగొట్టకు. ఆ వాసనే ఓడిపోతుంది, ఓపిక పట్టు.

రసాయనం, హనుమకొండ

నిర్మల్ వారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. పాత పైపుకు ఉప్పు వద్దు, దూదే మేలు.

తాటివనం గారి మాట మనసుకు తగిలింది. అయితే మసిపొర ఒకేసారి ఏర్పడేది కాదు. కాల్చిన ప్రతిసారీ ఒక సన్నని పూత పైన చేరుతుంది. మనవడు గారి మూడు వారాల పూత పైన ఉంది, తాతగారిది దాని కింద ఉంది. సబ్బు వాసనలో ఎక్కువ భాగం పై పూతలోనే ఉండాలి. కాబట్టి మొత్తం గీకనక్కర్లేదు. పదును లేని చాకుతో, తొందరపడకుండా పైపైన రాల్చండి. ఎలాగూ పొర మిల్లీమీటరున్నర కన్నా మందంగా ఉండకూడదు. మరీ మందమైతే వేడికి వ్యాకోచించి చెక్కనే పగలగొడుతుంది.

ఒక హెచ్చరిక. మందుల దుకాణంలో దొరికే డినేచర్డ్ స్పిరిట్ వాడకండి. తాగకుండా ఉండేందుకు అందులో విషపదార్థాలు కలుపుతారు. శానిటైజర్ అసలు వద్దు, దానిలో గ్లిజరిన్, మళ్లీ ఇంకో పరిమళం ఉంటాయి. ఒక వాసన తీయబోయి ఇంకొకటి తగిలించుకుంటారు. నోట్లో పెట్టుకునే వస్తువు ఇది. ఏమీ కలపని వోడ్కా చాలు.

కరీంనగర్ పాతకాపు

పై పూతలోనే ఉంటుందన్నది మీ ఊహ. నాకు ఏడాదిలో పోలేదని మళ్లీ చెబుతున్నాను. అయితే మెడ సంగతి నేనూ ఎప్పుడూ చూడలేదు, ఇవాళ చూస్తాను.

మనవడు గారూ, ముందుముందు కొత్త పొగాకు రుచి చూడాలంటే మొక్కజొన్న కంకి పైపు ఒకటి పెట్టుకోండి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో 1869 నుంచి తయారుచేస్తున్నారు. మా వైపు మక్క బెండ్లను పొయ్యిలో వేస్తాం, వాళ్లు దాన్ని చెక్కి ప్రపంచమంతా అమ్ముతున్నారు. వాసన పట్టినా బెంగలేదు, పారేసి ఇంకొకటి తీసుకోవచ్చు. తాత పైపును ప్రయోగాలకు వాడకండి.

కాజీపేట మనవడు

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు దీనికే పెట్టాను.

మొదట మెడ పట్టుకున్నాను. వోడ్కాలో ముంచిన పైపు క్లీనర్లు (దూది చుట్టిన సన్నని తీగలు) పద్నాలుగు అయ్యాయి. మొదటివి బొగ్గులా నల్లగా వచ్చాయి, చివరిది దాదాపు తెల్లగా వచ్చింది. గిన్నెలో దూది పెట్టి రాత్రంతా ఉంచితే పొద్దున అది ముదురు గోధుమరంగులో ఉంది. గది మొత్తం గులాబీ వాసన. ఆ వాసన బయటికి రావడం చూసి నాకు ఏడుపు వచ్చినంత పనైంది. రెండో ఆదివారం పై పూత మాత్రం గీకాను. ఒకచోట చాకు గట్టిగా, మెరుస్తున్న నల్లటి పొరకు తగిలింది. అక్కడ ఆపేశాను. అది తాతదని నా నమ్మకం.

నాలుగు రోజులు పైపును ఆరనిచ్చి, సాదా వర్జీనియా కాల్చాను. గిన్నెలో ఎండుగడ్డి వాసన తిరిగి వచ్చింది, దాని వెనక సన్నగా గులాబీ. నోటి కాడలో మాత్రం సబ్బు అలాగే ఉంది. నానమ్మకు ఇంకా చూపించలేదు. కొత్త కాడ వేయించమంటారా?

నిర్మల్ చెక్కపని

వద్దు. దాని మీద మీ తాత పళ్ల గాట్లు ఉంటాయి, ఒకసారి చూడండి. లోపలి గొట్టాన్ని మెడకు చేసినట్టే వోడ్కా తడిపిన క్లీనర్‌తో తుడవండి. పైభాగానికి ఎక్కువ తడి తగలనివ్వకండి. ఆరాక మళ్లీ చేయండి. వారం రోజులు రోజుకొకసారి.