ఆఫీసులో వాడే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో బగ్: ఎవరిని, ఎలా అడగాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఈ దేశం వచ్చి ఉద్యోగంలో చేరాను. మా ప్రొడక్ట్‌కి ఆధారమైన ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (ఎవరైనా ఉచితంగా వాడుకోగల రెడీమేడ్ కోడ్) బగ్ ఉంది. దాన్ని ఒకాయన ఖాళీ సమయంలో చూసుకుంటున్నారు. "శుక్రవారంలోగా సరిచేయమని ఆయనకు రాయి" అంటున్నారు మా మేనేజర్. కొత్త కదా, కాదనలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, గడువు పెట్టి మాత్రం రాయకు. ఆ లైబ్రరీ లైసెన్స్ ఒకసారి తెరిచి చూడు. ఎంఐటీ లైసెన్స్ అయినా అపాచీ లైసెన్స్ అయినా, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు అనే ఉంటుంది. మీ కంపెనీ ఆయనకు ఒక్క రూపాయి కట్టలేదు, ఆయన మీకు బాకీ లేడు.

మేనేజర్‌కి ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే టూల్ సంగతి చెప్పు. ఎన్నో లైనక్స్ సిస్టమ్‌లలో ఉండే ఆ టూల్‌ని దాదాపు ఒక్కడే చూసుకునేవాడు. పని ఆలస్యమవుతోందని కొందరు ఆయన్ని పదేపదే ఒత్తిడి చేశారు. సాయం చేస్తానంటూ వచ్చిన మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 2024లో అందులో బ్యాక్‌డోర్ (రహస్యంగా లోపలికి దూరే దారి) పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఆరా తీయబట్టి బయటపడింది. అలసిపోయిన మనిషిని తొందరపెడితే నష్టం వాడుకునేవాళ్లకే. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడూ అంతే. లెక్కలేనన్ని సర్వర్లు నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో ఉంది ఆ లోపం; దానికి అప్పట్లో ఏడాదికి అందే విరాళాలు సుమారు 2,000 డాలర్లు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

నువ్వు చేయాల్సింది: బగ్ మళ్లీ వచ్చేలా చిన్న టెస్ట్ రాయి, వీలైతే ప్యాచ్ (బగ్‌ని సరిచేసే కోడ్) కూడా చేసి పంపు. రివ్యూకి వారాలు పట్టొచ్చు. ఈలోపు మీ కాపీలో ప్యాచ్ వేసుకుని రిలీజ్ చేయండి. కానీ అక్కడితో వదిలేయొద్దు, ప్రతి కొత్త వెర్షన్‌కీ దాన్ని మళ్లీ మోయాల్సి వస్తుంది.

డబ్బు విషయం కూడా ఎత్తు. విరాళమంటే ఫైనాన్స్ వాళ్లు ఏ పద్దులో రాయాలని తల పట్టుకుంటారు. ఆయన సపోర్ట్ కాంట్రాక్ట్ ఇస్తారేమో కనుక్కుని, ఇన్వాయిస్ తెప్పిస్తే పని తేలిక. ఇంటర్నెట్‌లో డేటా పంపడానికి, తెచ్చుకోవడానికి వాడే కర్ల్ అనే టూల్ రాసిన డేనియల్ స్టెన్‌బర్గ్‌కి 2022లో ఒక పెద్ద కంపెనీ 24 గంటల్లో జవాబులు కావాలని రాస్తే, సపోర్ట్ కాంట్రాక్ట్ చేసుకుంటే సంతోషంగా చెప్తానన్నారు. న్యాయమైన మాట. ఎంత ఇవ్వాలి అంటారా, ఇలాంటి ప్రాజెక్టులకు డబ్బిస్తామని మాటిచ్చే ఓపెన్ సోర్స్ ప్లెడ్జ్‌లో చేరిన కంపెనీలు తమ దగ్గర పనిచేసే ఒక్కో డెవలపర్‌కి ఏడాదికి కనీసం 2,000 డాలర్ల లెక్కన ఇస్తున్నాయి.

ఇంకొకరు: అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ప్యాచ్ పంపేముందు నీ ఉద్యోగ ఒప్పందం చదువు. నువ్వు రాసే కోడ్ కంపెనీదని అందులో ఉంటే, లీగల్ వాళ్ల అనుమతి మెయిల్‌లో తీసుకో, నోటిమాట చాలదు. వర్క్ వీసా మీద ఉంటే ఓపెన్ సోర్స్ పనికి ఎవరైనా ఇచ్చే స్పాన్సర్‌షిప్ డబ్బు నీ సొంత పేరున తీసుకునేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. ఇదే పనిని ఆఫీసు టైమ్‌లో ఉద్యోగంలో భాగంగా చేయించమని మేనేజర్‌ని అడిగితే స్పాన్సర్‌షిప్ గొడవే ఉండదు.