క్యాబినెట్ 'ఈజ్' అనాలా, 'ఆర్' అనాలా?

పలకా బలపం: ఒక వాక్యం సగమే గుర్తొచ్చి రెండు రోజులుగా వేధిస్తోంది. ఫౌలర్ 1926 నాటి ఇంగ్లీషు వాడుక నిఘంటువులో క్యాబినెట్ మీద రెండు ఉదాహరణలు ఉన్నాయి కదా, ఒకటి 'డివైడెడ్', ఒకటి 'అగ్రీడ్'. ఒకదానికి 'ఈజ్', రెండోదానికి 'ఆర్'. ఏది దేనికి? పుస్తకం ఊళ్లో ఉండిపోయింది.

వేపచెట్టు: చీలితే ముక్కలు కాబట్టి 'ఆర్'. ఒక్క మాట మీద ఉంటే 'ఈజ్'. ఇందులో సందేహం ఏముందండీ?

గోదారిగట్టు: తిరగేసి చెప్పారు మాస్టారూ. 'ఈజ్ డివైడెడ్', 'ఆర్ అగ్రీడ్' మేలన్నాడు ఆయన. చీలాలంటే ముందు ఒకటిగా ఉండాలి, ఒప్పుకోవాలంటే కనీసం ఇద్దరుండాలి. ఇంత అందమైన కారణం వ్యాకరణంలో నాకు మళ్లీ కనబడలేదు.

వేపచెట్టు: అందంగానే ఉంది, నేను ఒప్పుకోను. చీలాక కూడా అది ఒకటేనా? 'ఇంగ్లండ్ ఆర్ ఆల్ అవుట్' అని రాసే బ్రిటిష్ విలేకరి ఇంత తర్కం చూడడు. జట్టంటే వాడికి పదకొండు మంది. అమెరికాలో 'టీమ్ ఈజ్' అంటారు, అదే న్యూయార్క్ బేస్‌బాల్ జట్టుని 'యాంకీస్' అనగానే 'ఆర్' వచ్చేస్తుంది. చెవి ఎటు చెబితే అటు.

డాలస్ తెలుగు: మా దేశం పేరే తీసుకోండి. 1787 రాజ్యాంగంలో దేశద్రోహాన్ని నిర్వచించే చోట యునైటెడ్ స్టేట్స్‌ని 'దెమ్' అన్నారు. ఇప్పుడు మా అమ్మాయి బడి పుస్తకంలో 'ఈజ్'. అంతర్యుద్ధం ముగియగానే ఏకవచనం అయిపోయిందని చెబుతుంటారు గానీ, 1865 నాటి 13వ సవరణలోనూ 'దెయిర్' అనే ఉంది.

ఇంటిల్లిపాది: మన దగ్గర ఇంతకంటే చిత్రం ఉంది. మంత్రివర్గం చీలినా 'చీలింది', ఒప్పుకున్నా 'ఒప్పుకుంది'. జనం మాత్రం 'వచ్చారు'. ఇక 'మా ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లాం' అంటాం చూడండి, ఆ 'వెళ్లాం' ఇంగ్లీషుకి సాధ్యమేనా? 'మై ఫ్యామిలీ' అన్నాక 'హ్యాజ్', 'హ్యావ్' మధ్య తేల్చుకోవాలే గానీ, మాట్లాడే మనిషి ఆ క్రియలోకి రాలేడు.

గోదారిగట్టు: బాగా పట్టారమ్మా. 'ఊరంతా కదిలింది', 'ఊరంతా వచ్చారు' రెండూ అంటాం. మొదటిది వరదలాంటిది. రెండోదాంట్లో ఎవరి కాళ్ల మీద వాళ్లు వచ్చారు.

వేపచెట్టు: ఈ సంగతి గురజాడకి తెలుసు. 'దేశమంటే మనుషులోయ్'. ఒక పక్క ఏకవచనం, ఇంకో పక్క బహువచనం, మధ్యలో క్రియే లేదు. ఇంగ్లీషులో పెడదామని కూర్చున్నప్పుడల్లా 'ఈజ్' దగ్గర ఆగిపోతాను.

గోదారిగట్టు: క్రియ లేకపోవడమేంటండీ? 'అంటే'లో ఉన్నది 'అను' ధాతువే కదా. 'దేశం అని అంటే' అని.

వేపచెట్టు: అది చేదర్థకం, షరతు చెప్పే రూపం. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఏదీ?

ఇంటిల్లిపాది: ఇంగ్లీషు రాక వదిలేసిన క్రియ కాదది. 1883లోనే సారంగధర కథని ఇంగ్లీషు పద్యాల్లో రాసిన మనిషి. తెలుగులో అక్కర్లేదని ఆయన చెవికి తెలుసు. నాకు పట్టుకున్నది 'ఓయ్'. అది ఒక్కణ్ణి పిలిచే పిలుపు. మనుషులందరి గురించీ చెబుతూ ఒక్కడితో మాట్లాడుతున్నారు.

డాలస్ తెలుగు: పాట మొదలే 'ప్రేమించుమన్నా' కదా. అన్న కూడా ఒక్కడే.

వేపచెట్టు: నేను ఒప్పుకోను. ఊళ్లో దండోరా వేసేవాడు 'ఓయ్' అంటే ఒక్కడికేనా చెబుతున్నట్టు?

పలకా బలపం: ఇంతకీ 'ఈజ్ డివైడెడ్'యేనా? ఎవరి దగ్గరైనా పుస్తకం ఉంటే ఒక్కసారి ఆ పేజీ చూసి చెప్పండి, దండం పెడతాను.

ఇంటిల్లిపాది: దండోరా 'ఓహో' అనే మొదలవుతుంది వేపచెట్టు గారూ, 'ఓయ్' అని కాదు. మా తాతగారి ఊళ్లో నేను స్వయంగా విన్నాను.