సమస్యాపూరణం: "మాడినట్టి రొట్టె మకుట మణఁచె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదేనండీ, ఆటవెలది నాలుగో పాదం, పై మూడూ మీరు రాయాలి:

*మాడినట్టి రొట్టె మకుట మణఁచె*

పోయినసారి ఏం ఇచ్చినా అందరూ రామాయణంలోకి దూరి తప్పించుకున్నారు కాబట్టి ఈసారి ఒక కండిషన్. ఇతివృత్తం సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ నవలల్లోంచే ఉండాలి, పానెమ్ అనే దేశంలో లాటరీ తీసి పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే ఆటలకి పంపే కథ, కాట్నిస్ నాయిక, బేకరీ కుర్రాడు పీటా ఆమెతో పాటు ఆటలకి వెళ్ళేవాడు. పాత్రలైనా సరే, ఆ పాత్రల వెనకున్న నిజం మనుషులైనా, నిజం ఊళ్ళైనా సరే. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి), కొత్తవాళ్ళు ఇది మర్చిపోకండి.

కొత్తకలం:
నమస్కారం అందరికీ, ఇది నా మొదటి పూరణ, తప్పులుంటే క్షమించాలి.

వానలోన తడిసి వాడిన చిన్నది
గోడ చెంత కూల గుండె కరిగి
పీట విసరె నాడు పెనుగాలి వానలో
మాడినట్టి రొట్టె మకుట మణఁచె

అరసున్న:
కొత్తకలం గారూ, మొదటిదానికే గణాలు, యతులు తప్పకుండా కుదిరాయి, అభినందనలు. కానీ మూడో పాదం చదవగానే నాకు నవ్వాగలేదండీ, "పీట విసరె" అంటే ఆ అబ్బాయి కాట్నిస్ నెత్తిన వంటింటి పీట విసిరేసినట్టుంది 😄 పీటా అన్న పేరు తెలుగులోకి వస్తే ఇదే గొడవ, దీర్ఘం తీస్తే ఫర్నిచర్ అయిపోతాడు. రెండోది, ఏం విసిరాడో క్రియ దగ్గర చెప్పలేదు. మూడోది, వాన రెండుసార్లు పడింది. ఇంకోటి, ఆ పిల్ల కూలింది గోడ దగ్గర కాదు, బేకరీ వెనక పెరట్లో ఆపిల్ చెట్టు మొదట్లో. ఆ సీన్ గుర్తు చేసుకోండి. పదకొండేళ్ళ పిల్ల, గనిలో తండ్రి పోయాడు, ఇంట్లో గింజ లేదు. లోపల్నుంచి దెబ్బ చప్పుడు, పీటా బయటికొస్తాడు, చెంప వాచి ఉంటుంది, తల్లి పందికి వెయ్యమంటుంది. తల్లి అటు తిరగ్గానే పై పెంకు మాడిన రెండు రొట్టెలు ఈ పిల్ల వైపు విసిరేసి, కనీసం ఆమె వైపు చూడకుండా లోపలికి పోతాడు. ఇంత ఉంది అక్కడ. ఇలా మారిస్తే?

వానలోన తడిసి వాడిన చిన్నది
చెట్టు మొదట కూల చింతతోడ
వంటయింటి కుర్రవాడు విసరెనంట
మాడినట్టి రొట్టె; మకుట మణఁచె

కొత్తకలం:
అక్కా సూపర్! ఆ సెమికోలన్‌తో రొట్టె పైకీ కిందకీ రెండు వైపులా అతుక్కుంది. పీట నేనే వేసుకుని కూర్చుని నేర్చుకుంటాను.

యతిభ్రష్టుడు:
నేను రోము దారి పట్టాను.

రొట్టె యాట చాలు రోము జనుల కన్న
కవుల మాట నేడు కల్ల యయ్యె
పానెమనెడు పేరె పామయి కఱచెను
మాడినట్టి రొట్టె మకుట మణఁచె

వివరణ: ఆ దేశం పేరు పానెమ్, లాటిన్‌లో రొట్టె అనే అర్థం. రోమన్ కవి జువెనాల్ పదో వ్యంగ్యకావ్యంలో, జనానికి ఇప్పుడు కావల్సింది రెండే, రొట్టె, సర్కస్ ఆటలు అని ఎత్తిపొడిచాడు, అదే ఈ పేరు వెనక కథ. దేశానికి పెట్టుకున్న పేరే దాని కొంప ముంచిందని నా భావం.

అరసున్న:
"పేరె పామయి కఱచెను" చాలా బాగుంది, ఈ దారంలో ఇప్పటిదాకా ఇదే మంచి పాదం. ఒక్కటే, అన్నది ఒక్క జువెనాలే కదా, "కవుల" బహువచనం ఎందుకు? గౌరవవాచకం అని తప్పించుకుంటారని తెలుసు లెండి.

గసడదవ:
అందరూ రొట్టె రొట్టె అని ఊగిపోతున్నారు కానీ నాకు సమస్యే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. కిరీటాన్ని కదిలించింది మొదటి ఆటల చివర కాట్నిస్, పీటా తినబోయిన విషపు పండ్లండీ, రొట్టె కాదు.

చేత విషపు పండ్లు చేకొని యిద్దరు
నోటి దాక నెత్త నూగె గద్దె
పండ్ల మహిమ కాదె, పలుకకు మిట్టుల:
"మాడినట్టి రొట్టె మకుట మణఁచె"

నిర్వాహకుడు:
😂 అవధానాల్లో పాత ఎత్తే ఇది, సమస్యని ఎదుటివాడి నోట్లో పెట్టి అది తప్పు అనెయ్యడం. చెల్లుతుంది, మార్కులు తగ్గుతాయి అంతే. "నోటి దాక నెత్త నూగె గద్దె" మాత్రం నిజంగా బాగుంది, పండు నోట్లోకి పోకముందే గద్దె ఊగిపోవడం. ఆ పండు పేరు నైట్‌లాక్, నైట్‌షేడ్, హెమ్‌లాక్ రెండు విషపు మొక్కల పేర్లూ అతికించి చేసింది. దాన్ని ఆపలేకపోయిన పాపానికి ఆటల పెద్ద సెనెకా క్రేన్ ప్రాణం పోయింది. అసలు రోములో సెనెకాని కూడా తన శిష్యుడైన నీరో చక్రవర్తే క్రీ.శ. 65లో చచ్చిపొమ్మని ఆజ్ఞాపించాడు, పేర్లు ఊరికే పెట్టలేదు రచయిత్రి.

గసడదవ:
మార్కులు తగ్గినా నా మాట మీద నేనుంటా.

లఘువు:
నా వంతు. పానెమ్ అధ్యక్షుడు స్నో మీద రాశాను, రెండో పాదం యతి సరిపోలేదని నాకే తెలుసు, ఎవరైనా సాయం చెయ్యండి.

చీటి కొక్క పేరు చేర్చి ధాన్యము నిచ్చి
పసిడి పిల్లలకును ఉరి బిగించు
కొరియొలేను గద్దె కూలంగ జేసెను
మాడినట్టి రొట్టె మకుట మణఁచె

ఇందులో చీటీ అంటే టెసెరా. పిల్లలు లాటరీలో తమ పేరు ఒకసారి ఎక్కువ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడా కాస్త ధాన్యం, నూనె ఇస్తారు. పన్నెండో ఏడు నుంచి ఏటా ఒక చీటీ తప్పనిసరి, అది పేరుకుంటూ పోతుంది. కాట్నిస్‌కి పదహారేళ్ళు, తప్పనిసరివి ఐదు, ఇంట్లో ముగ్గురికీ ధాన్యం కోసం ఏటా మూడు చొప్పున పదిహేను, మొత్తం 20. ఆమె స్నేహితుడు గేల్‌కి 18 ఏళ్ళు, తప్పనిసరివి ఏడు, ఇంట్లో ఐదుగురికీ కలిపి ముప్పై ఐదు, మొత్తం 42. ఈ లెక్క వేసినప్పుడు నాకు కథ కంటే ఎక్కువ భయం వేసింది, ఆకలి ఎక్కువున్న ఇంటి పిల్లకే చావు దగ్గర, ఎంత శుభ్రంగా లెక్క కట్టారో. రోములో కూడా ఉచిత ధాన్యానికి టోకెన్ ఉండేది, దాని పేరూ టెసెరానే.

అరసున్న:
వివరణ పద్యాన్ని మింగేసింది లఘువు గారూ, ఆ 42ని పద్యంలో పెట్టలేకపోయారే అని బాధగా ఉంది. "పసిడి"కి "ఉరి" యతి ఏ లెక్కనా కుదరదు. "పసిడి పిల్ల మెడకు పాశ మిడిన" అనండి, పకి పా, పైగా "ఇడిన" వల్ల కింది పాదంలో కొరియొలేనుకి విశేషణం కూడా అవుతుంది. చివర్లో ఇక్కడా "రొట్టె;" అని ఆపితే "కూలంగ జేసెను"కి కర్త రొట్టే అవుతుంది. స్నో అసలు పేరు కొరియొలేనస్ అని తెచ్చారు కాబట్టి ఇంకోటి చెప్తా. రోమన్ కథల్లో ఆ పేరున్న సేనాని, కరువులో నగరానికి ధాన్యం వస్తే పేదలకి చవగ్గా ఇవ్వొద్దని అడ్డం పడ్డవాడు. ఆ సేనాని జీవితం రాసిన చరిత్రకారుడు ప్లూటార్క్. ఈ నవలల్లో స్నో పక్కనే ఉంటూ లోపల్లోపల తిరుగుబాటు నడిపించేవాడి పేరు కూడా ప్లూటార్కే! అక్కడ కథ రాసినవాడు, ఇక్కడ కథ ముగించేవాడు. పైగా రొట్టె, సర్కస్ సంగతి కాట్నిస్‌కి విడమరిచి చెప్పేదీ ఇతనే.

యతిభ్రష్టుడు:
అరే! ఈ సంగతి ముందే తెలిస్తే నా పద్యంలో "కవుల" బదులు ఇంకేదో పెట్టేవాణ్ణి.

బొగ్గులకుంపటి:
అందరూ రోములోనే తిరుగుతున్నారు, కాట్నిస్ వాళ్ళ డిస్ట్రిక్ట్ 12 ఎక్కడుందో మర్చిపోయారు. నవలలోనే చెప్తారు కదా, ఒకప్పుడు అపలాచియా అనేవాళ్ళు అని. అమెరికా బొగ్గు కొండలు. అక్కడ 1907 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియా మొనంగా గనిలో పేలుడు, అధికారిక లెక్కే 362 మంది. కాట్నిస్ తండ్రి లాంటి తండ్రులు. కంపెనీ ఇల్లు, కంపెనీ కొట్టు, జీతం కూడా చాలా చోట్ల కంపెనీ టోకెన్లలోనే, అవి ఆ కొట్టులోనే చెల్లుతాయి. 1921లో బ్లెయిర్ మౌంటెన్ దగ్గర పదివేల మంది దాకా కార్మికులు మెడకి ఎర్ర గుడ్డ కట్టుకుని తుపాకులతో లేచారు. నవలలో ఈ పేరు రాదు కానీ నాకు డిస్ట్రిక్ట్ 12 అంటే ఇదే గుర్తొస్తుంది.

గనుల లోన నల్ల గాలిని పీల్చుచు
బొగ్గు బతుకు లీడ్చు పురము లోన
మెడకు నెఱ్ఱ గుడ్డ మెఱయగ లేవగ
మాడినట్టి రొట్టె మకుట మణఁచె

అరసున్న:
మొదటి మూడు పాదాలు ఒక్క ఊపులో వచ్చాయి, "బొగ్గు"కి "పురము" యతి కూడా చక్కగా పడింది. కానీ నాలుగో పాదం వేరే ఇంటి నుంచి వచ్చినట్టుంది, రొట్టెకి పైన ఎక్కడా ఆధారం లేదు. పైగా బ్లెయిర్ మౌంటెన్‌లో మకుటం ఎక్కడ అణిగింది? ఫెడరల్ సైన్యం దిగింది, వీళ్ళు తుపాకులు దించేశారు.

బొగ్గులకుంపటి:
అణగలేదు అక్కా, నిజమే. చరిత్రలో జరగనిది పద్యంలోనైనా జరగాలని రాశా. రొట్టె సంగతికి మాత్రం నా దగ్గర ఒక ఆధారం ఉంది, పద్యంలో పట్టలేదు అంతే. 2012 సినిమాలో డిస్ట్రిక్ట్ 12 తీసింది నార్త్ కరోలినాలో హెన్రీ రివర్ మిల్ విలేజ్‌లో. అది బొగ్గు ఊరు కాదు, నూలు మిల్లు ఊరు, మిల్లు మూతపడి జనం వెళ్ళిపోయాక చెక్క ఇళ్ళు మిగిలాయి. అక్కడ పీటా వాళ్ళ బేకరీగా చూపించిన ఇటుక బిల్డింగ్ ఏంటో తెలుసా? ఆ ఊరి కంపెనీ కొట్టు! కార్మికుడికి సరుకు అమ్మిన కొట్టు ముందే ఆ రొట్టె సీన్ తీశారు.

గసడదవ:
ఇది బాగుంది. అయినా పండ్లే.

నిర్వాహకుడు:
గసడదవ గారి పండ్ల గోలకి నా జవాబు పద్యంలోనే ఇస్తా. రెండో నవలలో మళ్ళీ అరీనా (ఆటలు జరిగే చోటు), పారాషూట్ మీద డిస్ట్రిక్ట్ 3 నుంచి రొట్టెలు దిగుతాయి, మొత్తం 24. కాట్నిస్ అవి తిండి అనే అనుకుంటుంది. చివర్లో ప్లూటార్క్ చెప్తాడు, అది కోడ్ అని, రొట్టె ఏ డిస్ట్రిక్ట్‌దైతే అన్నో రోజు, ఎన్ని రొట్టెలుంటే అన్నో గంట. మూడో రోజు, ఇరవై నాలుగో గంట. ఆ రాత్రే ఆమె బాణంతో అరీనా కప్పు పగులుతుంది.

మూడు తెలిపె దినము, ముద్దల లెక్కయె
గంట చెప్పె, నింగి గండి పడియె;
వాన నాటి ముక్క వంశ మద్దియె గదా!
మాడినట్టి రొట్టె మకుట మణఁచె

కొత్తకలం:
నింగి గండి పడియె!! చెరువుకి గండి పడ్డట్టు ఆకాశానికి. ఒళ్ళు జలదరించింది సార్.

అరసున్న:
మూడో పాదంలో ర గణం, నగం పక్కపక్కన పడి నడక కొంచెం తడబడింది, కానీ "వంశ మద్దియె" అన్న ఊహ కోసం వదిలేస్తా. "ముద్దల" మాత్రం ఒప్పుకోను, ముద్ద అంటే మనకి అన్నం ముద్దే.

నిర్వాహకుడు:
బన్నులు అందామంటే యతి ఒప్పుకోలేదండీ, ఏం చెయ్యను.

గసడదవ:
సరే ఆ 24 రొట్టెల సంగతి నేను మర్చిపోయా, సగం ఒప్పుకుంటున్నా. కానీ డిస్ట్రిక్ట్ 3 రొట్టెలు మాడలేదు కదండీ? సమస్యలో మాడినట్టి అని ఉంది.

లఘువు:
ఈయన్ని ఎవరైనా ఆపండి.

అరసున్న:
అందుకే "వంశము" అన్నారు గసడదవ గారూ, తాత మాడాడు, మనవలు మాడలేదు. పండ్లతో ఇంకో పద్యం రాసి తెండి, ఈసారి సమస్యని ఎదుటివాడి నోట్లో పెట్టకుండా.